గుండెదడ అవిశ్వాసమా?



మాది మైపాడు దారిలో, రాత్రిపూట సముద్రపు హోరు వినబడే ఒక పల్లె. భార్యాభర్తలం ఇద్దరమూ కలిసి కూర్చుని ఈ వ్యాసం వ్రాస్తున్నాము. మా ఇద్దరిలో ఒకరికి తొమ్మిదేండ్లకు పైగా ఆందోళన జబ్బు ఉన్నది. అది ఎవరికో ఇక్కడ చెప్పడం లేదు. ఆమెకు అంటే "ఆడవాళ్ళ గుండె అంతేలే" అంటారు. ఆయనకు అంటే "మగవాడై ఉండి ఇదేమి పిరికితనం" అంటారు. ఈ రెండు మాటలూ మేము విన్నవే. వాటివలన ఎవరికీ నయం కాలేదు. కనుక జబ్బుగా ఉన్నవారు, రెండోవారు అనే వ్రాసుకొంటూ పోతాము. చదివేవారు కొంచెం ఓర్చుకోవాలి.

2016లో సంక్రాంతి వెళ్ళిన వారంలో అది మొదలైనది. మంచి ఎండ కాస్తున్నది. అప్పుల గొడవ లేదు, ఇంట్లో చావు లేదు. పిల్లల పుస్తకాల కోసం బస్సులో నెల్లూరు వెళ్తున్నాము. ఇందుకూరుపేట దాటిన కాసేపటికి మాలో జబ్బుగా ఉన్నవారికి ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకొన్నది. చేతులు చల్లబడి వ్రేళ్ళు తిమ్మిరెక్కాయి. ఊపిరి అందలేదు. కళ్ళ ముందు చీకటి. "నా పని అయిపోయింది, పిల్లలు జాగ్రత్త" అన్న మాట మాత్రం నోట వచ్చింది. బస్సు ఆపించి, ఆటో మాట్లాడుకొని ఆసుపత్రికి పరుగెత్తాము. ఇ.సి.జి. తీశారు. గుండె బాగానే ఉన్నదన్నారు, గ్యాసు కావచ్చునన్నారు. ఆసుపత్రి మెట్లు దిగేసరికే నెమ్మది కలిగింది. దేవునికి స్తోత్రమని ఇంటికి వచ్చాము.

తొమ్మిదో రోజున మళ్ళీ వచ్చింది, ఈసారి మధ్యరాత్రి. రెండు నెలల్లో నాలుగు ఇ.సి.జి.లు తీయించాము. ఊళ్ళో ఆర్.ఎం.పి. గారు బలం సూదులు వేశారు, సెలైను ఎక్కించారు. పక్కింటివారు దడుపు అన్నారు, గాలి సోకిందన్నారు. అంత్రం కట్టిస్తామని వచ్చిన బంధువులను పంపివేశాము గాని, ఆ రాత్రి "ఒకవేళ నిజమేనేమో" అని ఇద్దరమూ అనుకొన్న మాట దాచడం ఎందుకు?

ఈ జబ్బు ఎట్లా పనిచేస్తుందో మన తీరంవారికి ఒక పోలికతో చెప్పవచ్చును. సముద్రంలో వాయుగుండం పుడితే కృష్ణపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగురవేస్తారు. ఒకటో నంబరు అంటే ఎక్కడో దూరాన ఉన్నదని. పదో నంబరు అంటే మహా ప్రమాదం, తుపాను ఆ రేవు మీదుగానో దగ్గరగానో తీరం దాటుతుందని. దేవుడు మన శరీరంలో కూడా అటువంటి సూచిక ఒకటి పెట్టాడు. పాము కనబడితే ఆలోచించేలోపలే అడ్రినలిన్ అనే ద్రవం రక్తంలోకి వస్తుంది. గుండె వేగంగా కొట్టుకొంటుంది, కాళ్ళకు పరుగెత్తే బలం వస్తుంది. ఆ సూచిక లేకపోతే మనం బ్రతకలేము. ఈ జబ్బులో సముద్రం నిలకడగా ఉండగానే పదో నంబరు ఎగురుతుంది. శరీరం దానిని నమ్ముతుంది. ఊపిరి ఎక్కువెక్కువగా తీసుకోవడం వలన రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి, వ్రేళ్ళు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. ఆ తిమ్మిరి చూసి భయం మరింత పెరుగుతుంది. చాలమందికి ఇది పది నిమిషాల్లో తారస్థాయికి వెళ్ళి, తరువాత దానంతట అదే తగ్గుతుంది. ప్రాణం తీయదు. అయితే మొదటిసారి వచ్చినప్పుడు గుండె, థైరాయిడ్, రక్తహీనత వంటివి చూపించుకోవడం మానకూడదు. ఆ జబ్బులలో కూడా దడ వస్తుంది.

రేవు సూచికలలో పదకొండో నంబరు ఒకటి ఉన్నది. వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం. ఈ సంగతి విన్నప్పుడు మాలో జబ్బుగా ఉన్నవారు, "నాది పది కాదు, పదకొండు" అన్నారు. ఆ నెలల్లో మేము నవ్విన సందర్భాలు తక్కువ, అందులో అది ఒకటి.

ఆ దడకంటె దాని చుట్టూ మా ఇల్లు మారిన తీరు ఎక్కువ నష్టం చేసింది. బస్సులో వచ్చింది గనుక బస్సు మానుకొన్నాము. గుడిలో ఒకసారి వచ్చింది గనుక తలుపు పక్కనే కూర్చోవడం, తరువాత బయట వేపచెట్టు క్రింద నిలబడడం. ప్రభు బల్ల ఆదివారం నాడు గిన్నె పట్టుకొన్న చేయి వణుకుతుందని, అందరూ చూస్తారని, ఆ ఆదివారాలు ఇంట్లోనే. సమాధి కార్యక్రమాలు, పెండ్లి భోజనాలు, కోతపండుగ వేలంపాటలు ఒక్కొక్కటే పోయాయి. సంతకు వెళ్ళడం పిల్లల పని అయినది. తెల్లవారుజామున మూడు గంటలకు మెలకువ వచ్చి, తలుపు గడియ చూసి, గ్యాసు బండ చూసి, పిల్లల ముక్కు దగ్గర చేయి పెట్టి చూసి, మళ్ళీ గడియ చూడడం. పెద్దపాప బడినుండి పది నిమిషాలు ఆలస్యమైతే సైకిలు లారీ క్రింద పడినట్లు కళ్ళకు కట్టేది.

రెండోవారి సంగతి కూడా చెప్పాలి. ప్రేమ కొద్దీ చేసినదే గాని, తప్పు మాదగ్గరా ఉన్నది. "నా గుండె బాగానే ఉన్నదా?" అని అడిగితే "బాగానే ఉన్నది" అని చెప్పాలి. పావుగంటకు మళ్ళీ అడిగితే మళ్ళీ చెప్పాలి. రోజుకు నలభైసార్లయినా చెప్పిన రోజులున్నాయి. పొలానికి వెళ్తే పిల్లవాడు పరుగెత్తి వచ్చేవాడు, "రమ్మంటున్నారు" అని. వెళ్ళడం తగ్గించుకొన్నాము. చివరకు ఇంట్లో అందరమూ ఒకరి భయానికి కాపలాదారులమైపోయాము. భయం అడిగినదల్లా ఇచ్చాము. ఇచ్చినకొద్దీ అది మరికొంత అడిగింది. ఒక్కోసారి ఓపిక నశించి "ఇదంతా నటన" అని అరిచిన రాత్రులూ ఉన్నాయి. ఆ మాటకు క్షమాపణ అడిగి చాలకాలమైనది, క్షమించడమూ జరిగింది. ఐనా వ్రాస్తున్నప్పుడు చేయి ఆగుతున్నది.

సంఘంలో సంగతి. మా కోసం ప్రార్థించినవారు చాలమంది, వారికి మేము ఋణపడియున్నాము. రాత్రి పదకొండింటికి పిలిచినా వచ్చి పక్కన కూర్చున్న ఒక పెద్దమ్మ ఉన్నారు. ఆమె వాక్యాలు ఏమీ చెప్పేవారు కాదు, వక్కలు కత్తిరించుకొంటూ కూర్చొనేవారు. అయితే "విశ్వాసికి భయమేమిటి?" అని అడిగినవారు కూడా ఉన్నారు. ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక నాలుగో అధ్యాయం ఆరో వచనం మాకు ఎన్నిసార్లు అప్పజెప్పారో లెక్క లేదు. చింతపడవద్దని అపొస్తలుడైన పౌలు అక్కడ వ్రాశాడు, నిజమే. ఆ పౌలే కొరింథీయులకు వ్రాసిన రెండో పత్రిక పదకొండో అధ్యాయం ఇరవై ఎనిమిదో వచనంలో సంఘములన్నిటినిగూర్చి తనకు దినదినమూ చింత ఉన్నదని ఒప్పుకొంటాడు. తెలుగు బైబిలులో రెండుచోట్లా చింత అన్న మాటే ఉన్నది. అదే పత్రిక ఏడో అధ్యాయం ఐదో వచనంలో, మాసిదోనియకు వచ్చినప్పుడు లోపల భయాలు ఉండెనని చెప్పుకొంటాడు. పౌలును అవిశ్వాసి అన్నవారిని మేము ఇంతవరకు చూడలేదు. యాభై ఐదో కీర్తన మొదటి వచనాలు తీసి చదవండి. గుండె వేదన, వణుకు, పావురంలా రెక్కలుంటే ఈ గాలివాననుండి ఎగిరిపోవాలన్న కోరిక. మా ఇంటి జబ్బు లక్షణాలు దాదాపు అన్నీ అక్కడ వ్రాసియున్నవి.

ఒక నర్సమ్మ, ఉద్యోగ విరమణ చేసి మా సంఘానికి వస్తున్నవారు, "ఇది మనసుకు సంబంధించిన జబ్బు, దీనికి వైద్యులున్నారు" అని మొదటిసారి చెప్పారు. "పిచ్చి డాక్టరు దగ్గరికా?" అన్నది మా మొదటి మాట. మూడు నెలలు తాత్సారం చేసి 2017లో నెల్లూరులో ఒక మానసిక వైద్యుణ్ణి చూశాము. ఆయన ముప్పావు గంట విన్నారు. ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నదా అని అడిగారు. జబ్బుగా ఉన్నవారి తల్లిగారికి జీవితమంతా దడే. ఎప్పుడైనా పెద్ద భయం కలిగిందా అని అడిగారు. ఈ తీరంలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం మొదలుపెడితే ఎక్కడ ఆపాలి? 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర దాటిన తుపాను, 1989 నవంబరులో కావలి దగ్గర దాటినది, ఇవి మా చిన్ననాటి రాత్రులు. 2004 డిసెంబరు 26, క్రిస్మసు మరునాడు, ఆదివారం ఉదయం. గుడికి తయారవుతుండగా "సముద్రం వచ్చేస్తున్నది" అన్న కేకలు. ఆ సునామీలో మన రాష్ట్రంలో నూరుమందికి పైగా చనిపోయారు, మన జిల్లా పల్లెలనూ అది విడిచిపెట్టలేదు. చంటిబిడ్డను ఎత్తుకొని రోడ్డు వెంట పరుగెత్తినవారిలో మేమూ ఉన్నాము. డాక్టరు గారు అంతా విని, ఇది ఒక్క కారణంతో వచ్చేది కాదన్నారు. రక్తంలో కొంత, పెరిగిన తీరులో కొంత, పడిన దెబ్బలలో కొంత. అదే కెరటం చూసి ఏమీ కానివారూ ఉన్నారు, ఏ కెరటమూ చూడకుండా ఈ జబ్బు పడినవారూ ఉన్నారు.

మాత్రలు వ్రాశారు. రెండు మూడు వారాలు పోతేగాని గుణం కనబడదనీ, మొదటి రోజుల్లో కాస్త ఎక్కువైనట్లు ఉండవచ్చుననీ ముందే హెచ్చరించారు. అట్లాగే అయినది. నిద్రమాత్రలను గూర్చి ఆయన గట్టిగా చెప్పిన మాట ఒకటి మన పల్లెల కోసం వ్రాస్తున్నాము. డయాజిపామ్, అల్ప్రాజొలామ్ వంటివి గంటలో నెమ్మది ఇస్తాయి, అందుకే మందుల షాపులో అడిగి తెచ్చుకొని ఏండ్ల తరబడి వాడేవారున్నారు. అవి అలవాటైపోతాయి, మోతాదు పెంచుకొంటూ పోవలసివస్తుంది. డాక్టరు చెప్పినన్ని రోజులే వాడాలి. సారా సంగతి కూడా అంతే. వేటకు పోయే మగవారు, రొయ్యల గుంటల దగ్గర రాత్రంతా ఏరియేటర్ల చప్పుడు వింటూ కూర్చునేవారు గుండెదడకు సీసా మందనుకొంటారు. త్రాగినప్పుడు తగ్గినట్లుండి, దిగినప్పుడు రెండింతలై వస్తుంది.

ఆరు వారాలకు మాలో జబ్బుగా ఉన్నవారు తెల్లవారేదాకా నిద్రపోయారు. ఆ ఉదయం లేపడానికి మాకు మనసు రాలేదు.

తరువాత జరిగినది చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం. 2018లో మా ప్రాంతంలో ఉజ్జీవ కూటములు జరిగాయి. ప్రసంగీకులు స్వస్థతను గూర్చి బలంగా మాట్లాడారు. మందులమీద ఆనుకోవడం దేవునిమీద ఆనుకోకపోవడమే అన్నారు. రహస్య పాపం ఉన్నచోట నెమ్మది ఉండదన్నారు. వారి పేరు వ్రాయము, వారు మనఃపూర్వకంగానే చెప్పియుంటారు. ఆ రాత్రి ఇంటికి వచ్చి, బియ్యం డబ్బాలో దాచుకొన్న మాత్రలు తీసి కాలువలో పారవేశాము. ఇద్దరమూ కలిసే పారవేశాము. నాలుగు రోజులు సంతోషం. ఐదో రోజు తల తిరుగుడు, ఒళ్ళంతా జివ్వుమనడం. పక్షం రోజులకు పాత దడ, పాత రాత్రులు. దానికి తోడు ఇప్పుడు క్రొత్త భయం పట్టుకొన్నది, "దేవుడు నన్ను స్వస్థపరచలేదు, అంటే నన్ను విడిచిపెట్టాడు" అని. అంతకు ముందు చావును గూర్చి ఉన్న భయం ఇప్పుడు నరకాన్ని గూర్చినదైంది. బావి దగ్గరకు ఒంటరిగా పోనీయకుండా పిల్లలను కాపలా పెట్టిన వారం అది. ఇంతకంటె వ్రాయలేము.

మళ్ళీ డాక్టరు గారి దగ్గరకు వెళ్ళి ఉన్నది ఉన్నట్లు చెప్పాము. ఆయన క్రైస్తవులు కారు. మమ్మును గద్దించలేదు, విశ్వాసాన్ని ఎగతాళి చేయలేదు. ఈ మాత్రలు ఉన్నట్టుండి ఆపకూడదనీ, నయమైన తరువాత కూడా కొన్ని నెలలు వాడి, మెల్లమెల్లగా తగ్గించుకోవాలనీ చెప్పారు. "ప్రార్థన ఆపమని నేను చెప్పలేదు గదా, మాత్ర ఎందుకు ఆపారు?" అని మాత్రం అడిగారు.

మందుతోపాటు ఆయన చెప్పిన రెండో వైద్యం మాకు మందుకంటె కష్టమైంది. తప్పించుకొన్న ప్రతిచోటికీ కొంచెం కొంచెంగా తిరిగి వెళ్ళాలి. భయం వచ్చినా దిగిపోకుండా, అది ఎక్కి దిగేదాకా అక్కడే ఉండాలి. మొదటి వారం బస్సు ఆగే చోటికి వెళ్ళి, బస్సు ఎక్కకుండా నిలబడి రావడం. రెండో వారం ఒక్క స్టాపు. తరువాత ఇందుకూరుపేట. మైపాడు గేటు దాకా వెళ్ళడానికి నాలుగు నెలలు పట్టింది. ఊపిరి మెల్లగా విడవడం నేర్పారు, లోపలికి పీల్చిన దానికంటె బయటికి వదలడం నిదానంగా. రెండోవారికి కూడా పని చెప్పారు. "గుండె బాగున్నదా?" అంటే ఒక్కసారి జవాబు చెప్పాలి. రెండోసారి అడిగితే, "ఆ ప్రశ్న జబ్బు అడుగుతున్నది, నేను పక్కనే ఉన్నాను" అనాలి. ఇది కఠినంగా కనబడుతుంది. మొదటి రోజుల్లో ఇంట్లో ఏడ్పులే. కాని నలభైసార్లు చెప్పినప్పుడు రాని ధైర్యం ఒక్కసారి చెప్పినప్పుడు వచ్చింది. ఎందుకో మాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

పక్కన ఇంటివారు ఉండడం వైద్యంలో భాగమని మనకు కొత్తగా తెలిసినది కాదు. 1900లో ఐడా స్కడ్డరు దొరసాని ఒక్క మంచంతో మొదలుపెట్టిన వేలూరు ఆసుపత్రివారు 1957లో బాగాయంలో మానసిక వైద్యశాల తెరిచారు. రోగిని ఒంటరిగా విడువక ఇంటివారిని కూడా దగ్గర ఉంచుకొని వైద్యం చేసే పద్ధతికి అది పేరుపొందినది. కాట్పాడి రైలెక్కి వెళ్ళేవారు మన జిల్లానుండి ఇప్పటికీ ఉన్నారు. ప్రయాణమే భయమైనవారికి అంత దూరం అక్కరలేదు, నెల్లూరులోనే మానసిక వైద్యులున్నారు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో టెలి మానస్ అనే ఫోను సేవ మొదలుపెట్టింది. 14416 అనే నంబరుకు పైసా ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడవచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2019 నాటికి ఈ రకపు జబ్బులతో ఉన్నవారు 30 కోట్లకు పైమాటే. వారిలో వైద్యం అందుతున్నది సుమారు నలుగురిలో ఒకరికి.

సంఘంలో చెప్పడానికి మాకు ఇంకొక సంవత్సరం పట్టింది. మా సంఘకాపరి గారితో ముందు చెప్పాము. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత లండనులో ప్రసంగించిన స్పర్జన్ గారి సంగతి చెప్పారు. 1856 అక్టోబరు 19న సర్రే గార్డెన్స్ మందిరంలో వేలమంది కూడియుండగా ఎవరో "నిప్పు" అని అబద్ధపు కేక వేశారు. తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. స్పర్జన్ గారికి అప్పుడు ఇరవై రెండేండ్లు. ఆ దెబ్బ ఆయనను జీవితమంతా వెంటాడింది. తన క్రుంగుదలను గూర్చి ఆయన తన విద్యార్థులకు దాచకుండా ఉపన్యసించారు. "నేను ఈ సంగతి వేదాంత కళాశాలలో చదివాను గాని, మన ఊళ్ళో ఎవరికైనా పనికివస్తుందని అనుకోలేదు" అన్నారు మా పాస్టరు గారు.

తరువాతి ఆదివారం ఆయన మార్కు సువార్త నాలుగో అధ్యాయం చదివారు. ఆ దోనెలో ఉన్నవారు సముద్రం తెలియనివారు కారు. మన పట్టపువారివలె వేటలో పుట్టి పెరిగినవారు అందులో ఉన్నారు. వారే చచ్చిపోతున్నామని కేకలు వేశారు. ప్రభువు లేచి ముందు గాలిని గద్దించాడు, సముద్రం నిమ్మళించిన తరువాతనే విశ్వాసాన్ని గూర్చి అడిగాడు. మత్తయి సువార్తలో ఈ క్రమం వేరుగా ఉన్నది, ఆ మాట కూడా పాస్టరు గారు దాచలేదు. ఏ సువార్తలోనైనా, భయపడినందుకు దోనెలోనుండి ఎవరినీ దింపివేయలేదు.

ఆ వారం స్త్రీల సమాజంలోనూ, పెద్దల కూటములోనూ మా సంగతి మేమే చెప్పాము. చెప్పిన రాత్రి నిద్ర పట్టలేదు, ఇద్దరికీ. మరునాడు సాయంత్రం చీకటి పడ్డాక ఒకరు ఇంటికి వచ్చారు. రొయ్యల గుంటలో తెల్లమచ్చ తెగులు వచ్చి నష్టపోయిననాటినుండి రెండేండ్లుగా నిద్ర లేదని చెప్పారు. ఆ నెలలో మరి నలుగురు వచ్చారు, అందరూ చీకటి పడ్డాకనే. అందులో ఒకరు మమ్మును "నటన" అన్నవారే. తన కూతురికి కళాశాలలో ఇదే వస్తున్నదట.

ఇప్పుడు పూర్తిగా నయమైనదా అని అడుగుతారు. లేదు. మోతాదు సగానికి తగ్గినది. నెలకు ఒకసారో రెండుసార్లో దడ వస్తుంది, పొయ్యి దగ్గరే నిలబడి ఊపిరి విడుస్తుంటే పోతుంది. కాఫీ మానేశాము, సంఘంలో దీనినే అందరికంటె పెద్ద త్యాగంగా చెప్పుకొంటున్నారు. ప్రభు బల్ల దగ్గర చేయి ఇంకా కొంచెం వణుకుతుంది. ఒక ఆదివారం ద్రాక్షరసం చొక్కామీదనో చీరమీదనో ఒలికింది కూడా. డీకను గారు ఏమీ ఎరుగనట్లు గిన్నె మళ్ళీ అందించారు.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను మన తీరం వెంట పైకి పోయి బాపట్ల దగ్గర దాటినప్పుడు, రెండు రాత్రులు బడిలో తలదాచుకొన్నాము. కరెంటు లేదు. పైకప్పు రేకులు లేచిపోయే చప్పుడు. ఆ రాత్రి గంజి కాచి అరవైమందికి పోసినవారు మాలో జబ్బుగా ఉన్నవారే. మూలన దుప్పటి కప్పుకొని వణికినవారు రెండోవారు. "ఊపిరి మెల్లగా వదులు" అని చెప్పి, మరొకసారి చెప్పకుండా గంజి దగ్గరకు వెళ్ళిపోయారు.

వచ్చే గురువారం మాత్రలకు నెల్లూరు వెళ్ళాలి. ఈసారి ఒక్కరే వెళ్ళివస్తామంటున్నారు. రెండో టిక్కెట్టు డబ్బులు మిగిలితే పిల్లలకు మామిడిపండ్లు తెస్తారట. బస్సు వచ్చేదాకా స్టాపులో పక్కన నిలబడడానికి మాత్రం ఒప్పుకొన్నారు.